చావడానికి సొంతిల్లు

నేను ఏడో తరగతిలో వరసగా రెండేళ్ళు కూర్చున్నాను. మూడో ఏడు కూడా అదే బెంచీ ఎక్కబోతే అయ్యవారు భుజం మీద చెయ్యి వేసి, ఆ బెంచీ ఏం పాపం చేసిందిరా, దాన్నన్నా వదిలెయ్యి అన్నాడు. బడిలో నా మీద ఎవరికీ జాలి లేకపోయినా బెంచీ మీద నాకు జాలి కలిగి మానేశాను. చెక్కతో సంబంధం మాత్రం తెగలేదు. పుంగనూరులో సెంట్రింగ్ పనికి కుదిరి అప్పటి నుంచి చెక్కలే మోస్తున్నాను. బడిలో చెక్క నన్ను మోసేది, ఇప్పుడు నేను దాన్ని మోస్తున్నాను. నా చదువు ముందుకు పోయింది అంతవరకే.

కప్పు పోసేటప్పుడు కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింది నుంచి ఎవరో ఒకరు మోయాలి కదా. కట్టెలు నిలబెట్టి, వాటి మీద పలకలు పరచడమే సెంట్రింగ్. కప్పు తన కాళ్ళ మీద తాను నిలబడిందనుకున్న రోజు అవన్నీ ఊడదీసి ఇంకో ఇంటికి తోలుకుపోతాం. గృహప్రవేశానికి మేస్త్రీకి పంచె పెడతారు, వడ్రంగికీ పెడతారు. మాకు పెట్టరు. నువ్వు చేసిన పని ఏదిరా అంటే చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈమధ్య ఏళ్ళలో నాకు ఎక్కువగా పని దొరికింది సర్కారు కాలనీల్లోనే. మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే దారి పక్కన, ఊరికి దూరంగా, రాళ్ళగుట్ట వారన ఒక కాలనీ వేశారు. పేదవాడికి ఇల్లివ్వాలని సర్కారుకు బుద్ధి పుట్టినప్పుడల్లా ఊళ్ళో చోటు ఎందుకో కనపడదు. మేకలు కూడా మేసి విసిగిపోయిన చోటే కనపడుతుంది. మనిషికి సెంటున్నర జాగా, ఆడవాళ్ళ పేరు మీద పట్టా. పునాది లేస్తే ఒక ఫోటో, గోడలు లేస్తే ఒక ఫోటో, కప్పు పడితే ఒక ఫోటో. ఫోటోలో ఇంటితోపాటు ఇంటామె కూడా నిలబడాలి. ఫోటో పైకి పోతేనే ఇల్లు పైకి పోతుంది. ప్రభుత్వం మారినప్పుడు కాలనీ ఆర్చికి రంగు మారింది. రోడ్డు గుంతలను మాత్రం పాతవాళ్ళు ఎట్లా అప్పజెప్పారో కొత్తవాళ్ళు అట్లాగే కాపాడుతున్నారు.

ఆ కాలనీలో ఒకామె ఇంటికి నేను సెంట్రింగ్ ఒప్పుకున్నాను. ఆమె మొగుడు మదనపల్లె టమాటా మండీలో హమాలీ. పుంగనూరు శివారులో బాడుగ గదిలో ఉండేవాళ్ళు. తెల్లవారి మొదటి బస్సుకు పోయి, మధ్యాహ్నందాకా పెట్టెలు ఎత్తి, లారీలకు నింపి వచ్చేవాడు. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, ఆమెను అత్తా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఎగతాళి చేయడానికి వరస కుదరాలి కదా, అందుకని కలుపుకున్నాను. గోడలు లేచే వేళకు మామ ఊపిరి కూర్చుంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత ఖాళీ పెట్టె కూడా ఎత్తలేకపోవడం. కుప్పంలో పెద్దాసుపత్రి ఉందని తీసుకుపోయారు. అక్కడ అన్ని పరీక్షలూ చేసి, ఊపిరితిత్తులు చివరికొచ్చాయి, ఇంక ఇంటికి తీసుకుపోండి అని చెప్పారు.

వచ్చాక నేను చూడబోతే మామ మంచం మీదనుంచే నవ్వాడు.

"ఆ డాక్టరుకి సొంతిల్లు ఉండాది లేరా అల్లుడా. అందుకే ఇంటికి తీసుకుపొమ్మని అంత సులువుగా చెప్పినాడు."

ఆ మాట ఎందుకన్నాడో మా వైపు బాడుగకు ఉండేవాళ్ళందరికీ తెలుసు. బాడుగింట్లో పెళ్ళి చేసుకోవచ్చు, పురుడు పోసుకోవచ్చు. చావకూడదు. ప్రాణం పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడు పెట్టాలి. దీపం పెట్టకూడదు, మనిషి తిరగకూడదు. తర్వాత కూడా ఆ గదిలోకి బాడుగకు ఎవరూ రారు. అందుకని మనిషి చివరికొచ్చాడని తెలియగానే ఇంటి ఓనరు గడప దగ్గరికి వస్తారు.

ఈ ఓనరమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. రోజూ మామకు గంజి కాచి తెచ్చేది. ఆ గిన్నె చేతికిస్తూనే అత్తతో అనేది, ఏమనుకోవద్దమ్మా, ఆయప్పని బాగా ఉండంగానే యాడికన్నా మార్చుకోండి అని. నేనున్నప్పుడే ఒకసారి అంది. నేను నోరు పట్టుకోలేక, ఇంతమంచి గంజి తాగి చస్తే పుణ్యలోకం, కానీ తాగిన చోట చావకూడదంటే ఎట్లా అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"నాకుండేది ఈ రెండు గదులేనప్పా. ఆయప్ప ఈడ పోతే ఒకటి మూతబడతాది. నువ్వొచ్చి ఉంటావా దాంట్లో?"

ఉండనని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

కాలనీలో గోడలు లేచి నిలబడ్డాయి గానీ కప్పుకు సిమెంటు రాలేదు. సిమెంటు సర్కారు గోడౌను నుంచి రావాలి. ఇళ్ళు చూసే ఇంజనీరు, ఈ వారం, వచ్చే వారం అంటూ వారాలు మాత్రం పంపిస్తున్నాడు. అత్త నా దగ్గరికి వచ్చి, కప్పు లేకుంటే పోనీ, నీ పలకలన్నా పైన వేసి పెట్టు, మనిషిని ఆకాశం కింద పడుకోబెట్టలేను అని అడిగింది. సిమెంటు లేకుండా సెంట్రింగ్ వేయడమంటే పెళ్ళికూతురు కుదరకుండా పందిరి వేయడం. నాతో పనిచేసేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వుతూనే వేశాను. ఇల్లు మొత్తం కట్టెలు పాతి, పైన పలకలు పరిచి, మధ్యలో ఒక మంచం పట్టేంత సందు విడిచాను.

మామను మార్చేరోజు లగేజీ ఆటో తెచ్చారు. నలుగురం మంచంతో సహా ఎత్తుతుంటే, గేటు దగ్గర ఒక కొత్త కాపురం గ్యాస్ పొయ్యి, సిలిండరు పెట్టుకుని నిలబడి ఉంది. మంచం బయటికి రాగానే వాళ్ళు లోపలికి పోవాలి. సందు ఇరుకు. పోయే మంచం, వచ్చే పొయ్యి ఎదురుపడి, ఎవరు ముందు తప్పుకోవాలో తెలియక కాసేపు ఆగిపోయాం. మామ పడుకునే, రాండప్పా, గాలి బాగా వస్తాది ఆ గదిలో, అని వాళ్ళకు చెప్పాడు.

కొత్తింట్లో ముందు చావు అడుగుపెట్టకూడదని అత్త తనే పొద్దున్నే పోయి, కట్టెల మధ్యన మూడు ఇటుకలు పెట్టి పాలు పొంగించింది. పురోహితుణ్ణి పిలిస్తే, కప్పు పడని ఇంటికి ముహూర్తం లేదన్నాడట. లోపలికి చేరాక మామ అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా నా కట్టెలే.

"ఇల్లు కట్టమంటే అడివి పెట్టినావు కదరా."

"ఊరు పొమ్మంటాది కాడు రమ్మంటాది అంటారు కదా మామా. నీకు రెండూ ఒకే చోట."

మామ నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, ఎవరూ అడక్కుండానే, చచ్చేది మాత్రం సొంతింట్లో చస్తానని చెప్పాడు. పుట్టింది రెడ్డోళ్ళ పశువుల కొట్టంలోనట. పెళ్ళి బాడుగింట్లో. బిడ్డ పుట్టి పోయింది ఇంకో బాడుగింట్లో, దానికీ ఆ ఇల్లు ఖాళీ చేయించారట. పట్టా పెళ్ళాం పేరు మీద ఉంది కాబట్టి ఇక్కడ కూడా తను బాడుగోడే గానీ, ఈ ఓనరు మాత్రం తరమదు అన్నాడు. అత్త ఆ మాట విననట్టు కట్టెకు ఒక మేకు చూసుకుని సంచి తగిలించింది.

చావుకని కుప్పం నుంచి అత్త తమ్ముడు, వాడి పెళ్ళాం వచ్చారు. పనికి సెలవు పెట్టి వచ్చారు. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుందని అందరూ అనుకున్నారు. కానీ ఆ గుట్ట మీది గాలికో, బాడుగ గది చెమ్మ తప్పినందుకో గానీ మామ చావలేదు. గంజి మానేసి సంగటి అడిగాడు. సంగటిలోకి ఊరిబిండి అడిగాడు. దిండు ఆనుకుని కూర్చుని, కాలనీలో ఎవరెవరి గోడలు వంకరగా ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు రోజూ లేవగానే వచ్చి బావ ముఖం చూసి, బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. వాడి పెళ్ళాం చావుకు కట్టుకుందామని తెచ్చుకున్న పాతచీర రెండుసార్లు ఉతికి ఆరేసింది. చివరికి వాళ్ళు, ఏమన్నా అయితే ఫోన్ చెయ్యక్కా అని చెప్పి బస్సెక్కారు. ఏమీ కాలేదన్న నిరాశ వాళ్ళ నడకలో కనపడింది. వాళ్ళను తప్పు పట్టను. ఆ రోజుల్లో అత్త కూడా ఎవరైనా ఎట్లా ఉండాడని అడిగితే, ఉండాడు, అని మాత్రమే చెప్పేది. ఆ ఒక్క మాటలో ఎంత అలసట ఉండేదో.

నా కట్టెలు అక్కడ ఇరుక్కుపోయాయి. బి.కొత్తకోటలో ఒక ఇంటివాళ్ళు రోజూ ఫోన్ చేసి తిడుతున్నారు. మామతో చెప్పాను, నా సామాను ఇంకో ఇంటికి కావాల, నువ్వేదో ఒకటి తేల్చుకుంటే నేను బండి మాట్లాడుకుంటానని.

"నాకూ కట్టెలు కావాల్సిందే కదరా. ఒకే బండికి తోలేయి, బాడుగ కలిసొస్తాది," అన్నాడు.

మేమిద్దరం అట్లా నవ్వుకుంటుంటే అత్త బిందె తీసుకుని ట్యాంకరు వచ్చే చోటికి పోయింది. ట్యాంకరు ఇంకా రాలేదు.

చివరికి సిమెంటు వచ్చింది. వస్తే ఆగకూడదు. వాన మబ్బు పట్టి ఉంది, బస్తాలు తడిస్తే రాయి అవుతాయి. కప్పు పోసేటప్పుడు కింద మనిషి ఉండకూడదని మేస్త్రీ అన్నాడు. మామ లేవనన్నాడు. బయట పోయినవాడి శవాన్ని ఇంట్లోకి తీసుకురారు. మా వైపు ఆ నియమం ఇంకా గట్టిది. ఆసుపత్రిలో పోయినా, రోడ్డు మీద పోయినా వాకిట్లోనే పెట్టి అక్కడి నుంచే ఎత్తుకుపోతారు. గడప దాటి బయట ఉన్నంతసేపట్లో ఏమన్నా అయితే ఇంతకాలం బతికింది దండగవుతుందని మామ లెక్క. మేస్త్రీ నావైపు చూశాడు. నా కట్టెలు పడవు, పడితే ముందు నన్ను పాతండి అన్నాను. మంచం మీద టార్పాలిన్ కట్టి పని మొదలుపెట్టాం. పైన కాంక్రీటు, దాన్ని అదిమే మిషను రొద, కింద పలకల సందుల్లోంచి కారే సిమెంటు నీళ్ళు, వాటి కింద దగ్గు. దగ్గు వినపడినంతసేపు పని చేశాం. వినపడకపోతే ఎవడో ఒకడు, మామా, అని కేకేసేవాడు. ఉండానప్పా, అని కింద నుంచి వచ్చేది. కప్పు పూర్తయ్యేసరికి ఆయన ముఖం మీద బూడిదరంగు చుక్కలు పడి ఉన్నాయి.

ఆ తర్వాత మామ మళ్ళీ కిందికి జారాడు. ఈసారి సంగటి అడగలేదు. కప్పు తడిసి ఆరి గట్టిపడుతుంటే ఆయన మెత్తబడుతూ వచ్చాడు. ఇంక ఇదే అని అందరికీ అర్థమైంది. నేను బి.కొత్తకోటకు వేరేచోటి నుంచి కట్టెలు సర్ది, వీటిని కదిలించకుండా వదిలేశాను. ఆయన పోయినాకే ఊడదీద్దామని అత్తతో చెప్పాను.

అప్పుడు ఇంజనీరు వచ్చాడు. పెద్దాఫీసరు కాలనీ చూడ్డానికి వస్తున్నాడట. కప్పు పడిన ఇళ్ళన్నీ ఆ మధ్యాహ్నానికి ఫోటో ఎక్కాలి. ఫోటోలో కట్టెలు కనపడితే కప్పు పూర్తయినట్టు కాదు. ఎక్కని ఇల్లు రద్దు కిందికి పోతుంది. లోపల మనిషి ఉన్నాడని నేను చెప్పాను. లోపలికి తొంగి చూశాడు. చూసి, ఇబ్బంది పడ్డాడు కూడా. కానీ అతను ఫోన్లో నింపే ఫారంలో మనుషులకు గడి లేదు, కట్టెలకు ఉంది.

కప్పు పోసేటప్పుడు మనిషిని కింద ఉంచవచ్చు, నాలాంటి పిచ్చోడు ఒప్పుకుంటే. ఊడదీసేటప్పుడు మాత్రం కుదరదు. పలకలు మేకులతో సహా మీద పడతాయి. మామకు నేనే చెప్పాను. ఎంతసేపు పడతాదిరా అన్నాడు. మధ్యాహ్నానికి అయిపోతాది మామా అన్నాను.

"సరే. అంతసేపు ఊపిరి బిగబట్టుకుంటాలే."

పక్క జాగాలో ఒక ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయి ఉంది. దాని వాళ్ళు బెంగళూరులో కూలికి పోయి రావడం మానేశారు. పైన కప్పు లేదు గానీ గోడ నీడ ఉంది. మంచం అక్కడ పెట్టాం. అత్త పక్కన కూర్చుని, అట్టముక్కతో విసురుతోంది. మేం ఇక్కడ ఊడదీయడం మొదలుపెట్టాం. నా జన్మలో అంత వేగంగా పని చేయలేదు. పలకలు పడుతున్నాయి, దుమ్ము లేస్తోంది, కట్టెలు బయటికి విసిరేస్తున్నాం. సగం పని కాగానే ఇంజనీరు అత్తను పిలిచాడు. ముందువైపు కట్టెలు కనపడ్డం లేదు, ఫోటో తీసేద్దాం రామ్మా అన్నాడు. ఆమె మంచం వైపు చూసి, వచ్చింది.

ఒట్టి ఫోటో అయితే చిటికెలో అయిపోయేది. నిలబడింది బతికున్న మనిషేనని ఫోన్‌కు నమ్మకం కుదరాలి. అందుకు ఆమె దానివైపు చూసి కళ్ళార్పాలి. ఆమెకు ఎన్నాళ్ళుగానో నిద్ర లేదు. చూడమంటే రెప్ప వేయకుండా చూస్తోంది. ఆర్పమంటే మూసుకుని తెరవడం లేదు. ఫోన్ ఒప్పుకోలేదు. సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చింది. చెమట తుడుచుకోమన్నాడు. కొంగు తీయమన్నాడు. ఇటు జరగమన్నాడు. ఎండలో ఆమె ఒకే చోట నిలబడి ఉంటే, మంచిమాటలతోనే అతను మళ్ళీ మళ్ళీ చెప్తున్నాడు.

"కండ్లార్పమ్మా. ఒక్కసారి. ఆఁ, మళ్ళా ఒకసారి."

లోపలి నుంచి నేను, మామని చూసి ఆర్పినట్టు ఆర్పత్తా, ఫోన్ పడిపోతాది అని అరిచాను. పనివాళ్ళు నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు. అప్పుడే ఫోన్ ఒప్పుకుంది. ఆమె నవ్విందో ఏడ్చిందో గానీ రెప్ప కదిలింది. అయిపోయిందమ్మా, ఇంక నీ ఇల్లు ఎవరూ తీసుకోలేరు అన్నాడు అతను.

ఆమె చెంబుతో నీళ్ళు ముంచుకుని పక్కింటి గోడల్లోకి పోయింది. నేను ఆఖరి కట్టెలు మోయించి, లోపల మేకులు ఏరుతున్నాను. మంచం కాలికి గుచ్చుకోకూడదని కాదు, మోసేవాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయని. ఆమె తిరిగి వచ్చి వాకిట నిలబడింది. చెంబులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

"ఇంగా ఎంతసేపప్పా లోపల?"

"అయిపోయిందత్తా. ఊడ్చేస్తే సరి. మామని తెచ్చేద్దాం."

"అంత తొందర లేదులే," అంది.

మేం పరిగెత్తాం. కళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ ఉన్నాడు. పిలిచాం. పలకలేదు. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. మా రొదలో దగ్గు వినపడుతోందా లేదా అని ఆ రోజు ఎవడూ చెవి పెట్టలేదు.

మంచాన్ని గబుక్కున ఈ ఇంట్లోకి తెచ్చేద్దాం, ఇక్కడే పోయినాడని చెబుదాం అన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఇంజనీరు చూశాడు, పనివాళ్ళు చూశారు. అత్త తమ్ముడికి ఫోన్ చేస్తే, లోపలికి మాత్రం తేవద్దని అటు నుంచి గట్టిగా చెప్పాడు. ఒకందుకు మంచిదే అయిందక్కా, కొత్తిల్లు మైలపడలేదు అన్నాడు. ఫోన్ స్పీకరులో ఉంది, అందరం విన్నాం. సాయంత్రం చూడవచ్చిన ఆడవాళ్ళు కూడా అదే మాటతో ఓదార్చారు. మామను తన ఇంటి ముందర, మిగిలిన ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టారు. తల తిప్పితే గుమ్మంలోంచి ఖాళీ ఇల్లు కనపడేంత దూరంలో. పెద్దాఫీసరు కారు ఆర్చి దాకా వచ్చిందట. జనం గుమిగూడి కూర్చున్నది చూసి, ఏదో ధర్నా అనుకుని వెనక్కి తిరిగిపోయిందట. బెంగళూరు వాళ్ళకు ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఆ గోడల మీద వాళ్ళు ఇప్పటికీ కప్పు వేసుకోలేదు, రద్దు కిందికి పోయిందని విన్నాను.

కర్మలన్నీ అయిపోయాక, మిగిలిపోయిన నాలుగు పలకలు ఎత్తుకుపోదామని పోయాను. అత్త కొత్తింట్లో ఒక్కతే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇల్లు బోసిగా, కట్టెలుండేటప్పటికంటే చిన్నగా అనిపించింది. కప్పు లోపలివైపు నా పలకల గుర్తులు వరసగా పడి ఉన్నాయి. ఏదో ఒకటి మాట్లాడకుండా బయటపడటం నాకు చేతకాదు.

"మామకు బాడుగిళ్ళే అలవాటు కదత్తా," అన్నాను. "సొంతింట్లో నిద్ర పట్టక పక్కింటికి పోయినాడు."

ఆమె నావైపు చూడలేదు. కప్పు వైపే చూస్తూ అంది:

"నువ్వు మంచి పనోడివప్పా. ఇన్నాళ్ళూ ఒక్క సందు కూడా యిడవకుండా కప్పి పెట్టినావు. ఆ పక్కింటికి పైన ఏమీ లేదు. ఆయప్పకి పోను దావ దొరికింది."